రెండో ఓవర్‌టైమ్‌లో ఏమైంది? ఐయోవాలో ఒక కాలేజీ ఆట రేడియో ప్రసారం: కేస్ స్టడీ

సోమవారం పొద్దున్నే స్టేషన్ మేనేజర్ ఫోన్ చేశారు. "శనివారం ఆట గురించి ఫోన్లు ఆగడం లేదు. నువ్వొకసారి వచ్చి చూడాలి" అన్నారు. నేను అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో కాంట్రాక్ట్ బ్రాడ్‌కాస్ట్ ఇంజినీర్‌ని. సొంతంగా ఇంజినీర్‌ని పెట్టుకునే స్తోమత లేని చిన్న రేడియో స్టేషన్లు ఆరింటికి ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోలు, బయటి ప్రసారాలు చూసిపెడతాను. వాటిలో ఒక స్టేషన్‌లో, నవంబరు రెండో శనివారం జరిగిన ఒక ఆట గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, కాలేజీ పేరు చెప్పను. జరిగిన తప్పుల్లో ఒకటి నాది, అది మాత్రం చెబుతాను.

ముందు ఆ స్టేషన్ సంగతి. పగలు 1000 వాట్లతో నడిచే ఏఎం స్టేషన్. దానికి తోడుగా ఊరి మీద ఒక చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌లేటర్ ఉంది. ఏఎంలో వచ్చేదే ఎఫ్‌ఎంలోనూ వస్తుంది, కానీ అలాంటి వాటికి అనుమతించే గరిష్ఠ పవర్ 250 వాట్లే కాబట్టి ఊరు దాటి కొద్ది మైళ్ల వరకే అందుతుంది. పొద్దున ధాన్యం ధరలు, వాతావరణం, ఊళ్లో వాళ్లు ఫోన్ చేసి పాత సామాను అమ్ముకునే కార్యక్రమం. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆటలు, శనివారం మధ్యాహ్నం కాలేజీ ఫుట్‌బాల్. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ అని మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ కాలేజీ డివిజన్ త్రీలో ఆడుతుంది. ఆ స్థాయిలో ఆటగాళ్లకు ఆట పేరుతో స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల వాళ్లే. పెద్ద యూనివర్సిటీల ఆటలకైతే ప్రసార హక్కులు కొనుక్కునే కంపెనీలు, పదుల స్టేషన్ల నెట్‌వర్కులు, ప్రతి ఆటకూ జీతం మీద వచ్చే ఇంజినీర్లు ఉంటారు. ఇక్కడ వ్యాఖ్యాత ఇన్సూరెన్స్ ఏజెంటు, పక్కన విశ్లేషణ చెప్పేది అదే కాలేజీలో ఒకప్పుడు ఆడిన వ్యక్తి, స్టూడియోలో మిక్సింగ్ బోర్డు నడిపేది రెండో సంవత్సరం చదివే కుర్రాడు. ప్రకటనలు ఇచ్చేది ఊళ్లో బ్యాంకు, విత్తనాల డీలరు, రైతుల సహకార సంఘం.

కాలేజీవాళ్లు ఇంటర్నెట్‌లో వీడియో కూడా ఇస్తున్నారు కదా, ఇంకా రేడియో ఎందుకు అని నన్ను చాలామంది అడుగుతారు. వీడియో చూడాలంటే చేతులు ఖాళీగా ఉండాలి, కళ్లు ఖాళీగా ఉండాలి, మంచి ఇంటర్నెట్ ఉండాలి. నవంబరులో ఐయోవా రైతుకు ఈ మూడూ ఉండవు.

ఆ రోజు జరిగింది

అది ఇంటి మైదానంలో ఆ సీజన్‌కి చివరి ఆట. చదువు ముగించుకుని వెళ్లిపోయే పిల్లలను తల్లిదండ్రులతో కలిపి మైదానం మధ్యలో నిలబెట్టి గౌరవించే రోజు. అందుకని జనం మామూలు కంటే ఎక్కువగా వచ్చారు. ఎప్పుడూ 1 గంటకు మొదలయ్యే ఆట ఆ కార్యక్రమం కోసం 2 గంటలకు మారింది. ఆ ఒక్క గంట ఎంత పని చేస్తుందో అప్పుడు మాలో ఎవరూ ఆలోచించలేదు.

రెండో క్వార్టర్ సగంలో వ్యాఖ్యానం తెగిపోవడం మొదలైంది. మాట సగంలో ఆగడం, రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం, మళ్లీ మాట. హాఫ్‌టైమ్‌లో ఒకసారి లింకు పూర్తిగా పోయింది. బోర్డు దగ్గరున్న కుర్రాడు కంగారుపడకుండా ఒక పాట వేశాడు, ఈలోగా వ్యాఖ్యాత సెల్‌ఫోన్ నుంచి స్టూడియోకి మామూలు కాల్ చేశారు. మూడో క్వార్టర్ మొత్తం ఆ ఫోన్ గొంతుతోనే నడిచింది.

నాలుగు క్వార్టర్లు అయ్యేసరికి స్కోర్లు సమం. కాలేజీ ఫుట్‌బాల్ ఓవర్‌టైమ్‌లో గడియారం ఉండదు. రెండు జట్లకూ చెరో అవకాశం, ఎదుటివాళ్ల 25 గజాల గీత నుంచి. అప్పటికీ తేలకపోతే ఇంకో ఓవర్‌టైమ్. 2021 నుంచి రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేసిన, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించిన జట్టు ఆ తర్వాత రెండు పాయింట్లకు తప్పనిసరిగా ప్రయత్నించాలి. మూడో దాని నుంచి ఇక ఆ రెండు పాయింట్ల ప్రయత్నాలే ఉంటాయి. కాబట్టి రెండో ఓవర్‌టైమ్ అంటే ఎవరూ సీటులో కూర్చోలేని సమయం. సరిగ్గా ఆ సమయంలో, సాయంత్రం 5 గంటలకు, మా ట్రాన్స్‌మిటర్ తనంతట తాను 1000 వాట్ల నుంచి కొన్ని పదుల వాట్లకు దిగిపోయింది.

ఊళ్లోవాళ్లకు తేడా తెలియలేదు. 28 మైళ్ల దూరంలో మొక్కజొన్న కోస్తున్న ఒక రైతుకు మాత్రం వ్యాఖ్యాత గొంతు పోయి, దాని చోట వేరే రాష్ట్రం నుంచి ఏదో సంగీతం, గరగర వినిపించాయి. స్టేషన్‌కి వచ్చిన ఫోన్లలో మేనేజర్ నాకు మొదట వినిపించిన వాయిస్‌మెయిల్ ఆయనదే. "గోల్ గీత దగ్గరున్నారు అన్నారు. తర్వాత ఏమైంది? నా మనవడు ఆ జట్టులో ఉన్నాడు."

ఆ మాట విన్నాక నాకు మా నాన్న గుర్తొచ్చారు. తెనాలి పక్కన మా ఊళ్లో గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని క్రికెట్ వినేవారు. ఆకాశవాణిలో కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. రెండూ ఆయనకు అంతంత మాత్రమే. జనం అరిచిన తీరును బట్టి ఫోరో, వికెట్టో చెప్పేసేవారు. బ్యాటరీలు నీరసించి గొంతు సన్నబడితే రేడియో చెవికి ఆనించుకుని, మమ్మల్ని మాట్లాడొద్దని చెయ్యి ఊపేవారు.

ఏం వెతికాం

స్టూడియోలో ప్రసారం మొత్తం రికార్డు చేసే లాగర్ ఉంది. స్టేడియంలో వ్యాఖ్యాతలు కూర్చునే ప్రెస్ బాక్స్‌లోని కోడెక్‌లో కూడా ఒక రికార్డింగ్ ఉంది. కోడెక్ అంటే మైకుల మాటను ఇంటర్నెట్ మీదుగా స్టూడియోకి పంపే పెట్టె. రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి విన్నాను. తర్వాత, నా పద్ధతి ప్రకారం, ఫిర్యాదు చేసినవాళ్లు ఎక్కడ కూర్చుని విన్నారో అక్కడికే వెళ్లాను. స్టూడియోలో కూర్చుంటే ఏ స్టేషనైనా బాగానే వినిపిస్తుంది.

తెగిపోవడానికి కారణం త్వరగానే దొరికింది. కోడెక్‌కి రావలసిన నెట్‌వర్క్ వైరు ఆ సీజన్‌లో వీడియో బృందం తీసుకుంది. మావాళ్లు అడగడానికి మొహమాటపడి, అతిథులందరికీ ఇచ్చే వైఫైకి కోడెక్‌ని కలిపారు. సెప్టెంబరు నుంచి అలాగే నడిచింది, ఇబ్బంది రాలేదు. చివరి ఆట రోజు వందలమంది తల్లిదండ్రులు ఒకేసారి ఫొటోలు, వీడియోలు పంపడం మొదలుపెట్టారు. హాఫ్‌టైమ్‌లో అది తారస్థాయికి చేరింది.

మాట పంపడానికి కోడెక్‌కి కావలసిన డేటా చాలా తక్కువ, వీడియో కాల్‌తో పోలిస్తే ఏ మూలకూ రాదు. కానీ అది సెలైన్ లాంటిది. చుక్క చుక్కగా, ఆగకుండా రావాలి. కాసేపు ఆపి ఒక్కసారిగా కుమ్మరిస్తే పనికిరాదు. కోడెక్‌లో ఆ ఎగుడుదిగుళ్లను సర్దే జిట్టర్ బఫర్ ఉంటుంది. దాన్ని పెంచితే తెగడం తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. జనమంతా ఒకే గాలిని పంచుకుంటున్నప్పుడు ఏ బఫరూ చాలదు. స్పీడ్ టెస్ట్ చేసి "నెట్ బాగానే ఉంది" అనుకోవడం ఈ పనిలో అందరం చేసే పొరపాటు. ఖాళీ స్టేడియంలో చేసిన పరీక్ష నిండిన స్టేడియం గురించి ఏమీ చెప్పదు.

రెండో ఫిర్యాదు స్టేడియం లోపలి నుంచే వచ్చింది. ఒక ఆటగాడి తాతగారు, చూపు దాదాపుగా పోయింది. మైదానం ఎదురుగా ఉన్నా ఆయనకు ఆట రేడియోలోనే. చెవిలో చిన్న రేడియో పెట్టుకుని స్టాండ్‌లో కూర్చుంటారు. "జనం లేచి అరుస్తారు. ఎందుకో నాకు తెలిసేసరికి అందరూ కూర్చుని ఉంటారు" అన్నారు. ఆ రోజు ఆయన మనవడే టచ్‌డౌన్ చేశాడు. పక్కవాళ్లు ఆయన భుజం తడుతున్నారు, రేడియోలో ఇంకా అంతకుముందు ఆట గురించి చెబుతున్నారు.

ఆ తప్పు నాది. పొద్దున ఫోన్ కార్యక్రమంలో ఎవరైనా బూతు మాట్లాడితే ఆపడానికి ఎనిమిది సెకన్ల డిలే పెట్టె పెట్టింది నేనే. దాన్ని ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే దారిలో శాశ్వతంగా కలిపేశాను. కార్యక్రమం అయిపోయాక బైపాస్ బటన్ నొక్కాలని పొద్దున పనిచేసే ఆమెకు చెప్పాను. శనివారాలు వేరేవాళ్లు వస్తారని నాకు తట్టలేదు. సీజన్ మొత్తం ప్రతి ఇంటి ఆటకూ ఆ తాతగారు ఎనిమిది సెకన్లు వెనక ఉన్నారు. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. ఆ రోజు మనవడిది కాబట్టి చేశారు.

తర్వాత రైతు దగ్గరికి వెళ్లాను. ఆయన కంబైన్‌లో, అంటే కోత మిషన్‌లో, పక్క సీటులో కూర్చోబెట్టుకున్నారు. అక్కడ నాకు తెలిసిన సంగతుల్లో ఒకటి ఏ రికార్డింగులోనూ నేను పట్టించుకోనిది. "స్కోరు ఎప్పుడో గానీ చెప్పరు. పొలం ఆ చివరి దాకా వెళ్లి తిరిగొచ్చినా చెప్పరు. మధ్యలో ధాన్యం బండిలోకి పోయడానికి దిగితే ఇక అంతే" అన్నారు. ఇంటికి వచ్చి లాగర్‌లో స్కోరు చెప్పిన ప్రతిచోటా గుర్తు పెట్టుకుంటూ విన్నాను. ఒకచోట ఏడు నిమిషాల పైన స్కోరు లేదు. ప్రెస్ బాక్స్‌లో కూర్చున్నవాళ్లకు ఎదురుగా ఇంత పెద్ద స్కోర్‌బోర్డు ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతే కదా అనిపిస్తుంది.

ఇక సూర్యాస్తమయం. పగటిపూట ఆకాశంలో కిందనున్న ఒక అయాన్ల పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది, అందుకే ఏఎం స్టేషన్ నేల వెంట వెళ్లినంత మేరే వినిపిస్తుంది. పొద్దు గూకగానే ఆ పొర కరిగిపోతుంది. తరంగాలు పైపొరలకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. డెమోయిన్‌లోని డబ్ల్యూహెచ్‌ఓ, పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ లాంటి 50 వేల వాట్ల స్టేషన్లు రాత్రి ఎన్నో రాష్ట్రాల్లో వినిపించేది అందుకే. రాత్రి స్టేషన్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా మాలాంటి చిన్న స్టేషన్లు సాయంత్రం పవర్ తగ్గించాలి. ఏ నెల ఏ సమయానికి తగ్గించాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది, పావుగంటకు సరిచేసి. నవంబరుకు మా సమయం 5 గంటలు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అక్టోబరులో ఆరు దాటినా ఉండే వెలుతురు ఒక్కసారిగా ఐదుకే పోతుంది. ఇది పరికరం లోపం కాదు. ట్రాన్స్‌మిటర్ చట్టం ప్రకారమే నడుచుకుంది. మేనేజర్ "ఒక్క పది నిమిషాలు ఆపి ఉండొచ్చు కదా" అన్నారు. ఆపకూడదు అన్నాను. లైసెన్సు ఆయనది. దాని మీద ఆధారపడి ఆ ఊరు ఉంది.

ఏం మార్చాం

మొదట వైరు. కాలేజీ ఐటీవాళ్లతో మాట్లాడితే అరగంటలో ఇంకో పోర్టు ఇచ్చారు, అతిథుల నెట్‌వర్క్‌తో కలవకుండా విడిగా. అడిగితే ఇచ్చేవాళ్లే, ఇంతవరకు ఎవరూ అడగలేదు. కోడెక్‌కి రెండో దారిగా ఒక సెల్ మోడెమ్ కలిపాను. ఊళ్లో ఎక్కువమంది వాడే కంపెనీది కాకుండా వేరే కంపెనీది తీసుకున్నాం. ఒక దారి మందగిస్తే కోడెక్ దానంతట అదే రెండోదానికి మళ్లుతుంది.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. స్టేషన్ బేస్‌మెంట్‌లో దుమ్ము పట్టి ఒక మార్టీ ఉంది. టెక్సాస్‌లోని క్లీబర్న్‌కు చెందిన జార్జ్ మార్టీ అనే ఇంజినీరు తయారుచేసిన రిమోట్ ట్రాన్స్‌మిటర్లను మా రంగంలో ఆయన పేరుతోనే పిలుస్తాం. ఇంటర్నెట్ రాకముందు అమెరికాలో ఊరూరా ఎన్నో ఆటలు, పెరేడ్లు, సంతలు రేడియోలోకి వచ్చింది వాటి మీదే. 450 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. స్టేడియం నుంచి స్టేషన్ టవర్ రెండు మైళ్లు కూడా లేదు, మధ్యలో కొండ గానీ పెద్ద భవనం గానీ లేదు. దాని లైసెన్సు ఇంకా చెల్లుతుందా అని ముందు చూశాను, చెల్లుతుంది. కెపాసిటర్లు మార్చి, కేబుల్ కనెక్టర్లు కొత్తవి వేసి, ప్రెస్ బాక్స్ కప్పు మీద యాంటెన్నా నిలబెట్టాను. వెయ్యి ఫోన్లు ఒకేసారి వీడియోలు పంపినా దానికి పట్టదు. ఆ గొంతులో ఆలస్యం కూడా ఉండదు. ఇప్పుడు ప్రతి ఇంటి ఆటకూ అది ఆన్‌లోనే ఉంటుంది, బోర్డు మీద దానికొక బటన్ ఉంది.

డిలే పెట్టెను ట్రాన్స్‌మిటర్ దారి నుంచి తీసి ఫోన్ కార్యక్రమం దారిలోకి మార్చాను. ఇక ఎవరూ ఏ బటనూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దీంతో ఇంకో పని పడింది. పొద్దున 6 నుంచి రాత్రి 10 మధ్య బూతు మాట ప్రసారమైతే రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీతో ఇబ్బంది. ఇప్పుడు మధ్యలో ఆపే పెట్టె లేదు. ప్రేక్షకుల మైకు విద్యార్థుల గ్యాలరీ వైపు తిరిగి ఉండేది. తీసేద్దామని విశ్లేషకుడు అన్నారు. నేను ఒప్పుకోలేదు. జనం చప్పుడు లేని వ్యాఖ్యానం గదిలో ఎవరో చదివినట్టు ఉంటుంది. మైకును బ్యాండు వైపు, తల్లిదండ్రులు కూర్చునే వైపు తిప్పాం. ఆ పక్కన డ్రమ్ములు బాగా వస్తాయి, టచ్‌డౌన్ అరుపు కూడా చక్కగా వస్తుంది.

వ్యాఖ్యాతల హెడ్‌ఫోన్‌లోకి స్టూడియో నుంచి వెళ్లే ధ్వనిని కూడా సరిచేశాను. వాళ్ల గొంతు వాళ్లకే కొంచెం ఆలస్యంగా తిరిగి వస్తుండేది. మన గొంతు మనకే సగం సెకను తర్వాత వినిపిస్తే నాలుక తడబడుతుంది, ఎంత అనుభవం ఉన్నా సరే. అందుకే వ్యాఖ్యాత సీజన్ అంతా హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసేసి మాట్లాడారు. వాళ్ల గొంతు తప్ప మిగతావన్నీ వెళ్లేలా మిక్స్ మైనస్ కలిపాను. "ఇది ముందే ఎందుకు చేయలేదు" అని అడిగారు. ఒక చెవితో మాట్లాడడం ఆయన అలవాటనుకున్నాను, అడగలేదు.

స్కోరు విషయం ఇంజినీర్ చెప్పవలసింది కాదు, కానీ చెప్పాను. అమెరికా రేడియోలో గొప్ప వ్యాఖ్యాతగా పేరున్న రెడ్ బార్బర్ 1930లో ఫ్లోరిడా యూనివర్సిటీ స్టేషన్‌లో మొదలుపెట్టారు. ఆయన ఎదురుగా గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవారు. ఇసుక జారిపోగానే స్కోరు చెప్పి దాన్ని తిప్పేవారు. మా వ్యాఖ్యాతకు అలాంటిదే ఒకటి కొనిచ్చాను. మొదట మొహం చిట్లించారు. నేను ఆయనకు రైతు మాట చెప్పాను, పొలం ఆ చివరి దాకా వెళ్లి తిరిగొచ్చినా స్కోరు తెలియలేదన్న మాట. ఆయన తండ్రి కూడా రైతే. మరుసటి సీజన్ మొదటి ఆట నుంచి ఇసుక గడియారం మైకు పక్కనే ఉంది.

సూర్యాస్తమయానికి ఇంజినీరింగ్ పరిష్కారం లేదు. చేయగలిగింది ఆట సమయం మార్చడం, ముందుగా చెప్పడం. కాలేజీవాళ్లకు ఒక కాగితం మీద నెలనెలా పవర్ మారే సమయాలు రాసి, పక్కన ఆట పట్టే సమయం, ఓవర్‌టైమ్‌కి ఒక అరగంట వేసి చూపించాను. నవంబరు ఇంటి ఆట 1 గంట దాటి మొదలుపెట్టవద్దని అడిగాను. వాళ్లకు ఇది కొత్త విషయం, కానీ వెంటనే అర్థమైంది. చివరి ఆట మధ్యాహ్నం 12కి పెట్టి, గౌరవ కార్యక్రమాన్ని దానికి ముందుకు జరిపారు. ఎప్పుడైనా ఆట అటూ ఇటూ అయితే పవర్ మారడానికి పావుగంట ముందు నుంచి వ్యాఖ్యాత చెబుతారు: ఎఫ్‌ఎం ఎక్కడ, ఇంటర్నెట్‌లో ఎలా వినాలి, ఇంటర్నెట్‌లో ఎంత వెనకగా వస్తుంది. 5 గంటలకు స్టేషన్ పేరు, ఊరి పేరు ఎలాగూ చెప్పాలి, అది గంట గంటకూ చెప్పవలసిన చట్టం. అక్కడే ఆట పరిస్థితి మొత్తం ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. గొంతు పోయే ముందు ఆ ఒక్క వాక్యమైనా అవతలివాళ్లకు అందుతుంది.

మరుసటి సీజన్

ఇంటి ఆటలన్నిటికీ లాగర్ విన్నాను. రెండు ఆటల్లో కోడెక్ వైరు దారి వదిలి సెల్ దారికి వెళ్లింది, వినేవాళ్లకు తెలియలేదు. ఒక ఆటలో రెండూ తడబడితే కుర్రాడు మార్టీ బటన్ నొక్కాడు. ధ్వని కాస్త మందమైంది, మాట తెగలేదు. ఆ కుర్రాడికి అప్పటికి ఈ పని మీద ఎంత పట్టు వచ్చిందంటే, నాకు ఫోన్ చేసింది ఆట అయిపోయాకే.

తాతగారు మొదటి ఆట తర్వాత ప్రెస్ బాక్స్ మెట్లు ఎక్కి వచ్చారు, మనవరాలి చెయ్యి పట్టుకుని. మనవడు ఇంకా ఒక సంవత్సరం ఆడతాడట. "ఇప్పుడు అందరితో పాటే లేస్తున్నాను" అన్నారు.

ప్రసారంలో ఇవి వంద ఏళ్ల నాటి సమస్యలే అని నాకు ఈ పనిలో పదే పదే అనిపిస్తుంది. 1921 అక్టోబరు 8న పిట్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా ఆటను కేడీకేఏలో హెరాల్డ్ ఆర్లిన్ చెప్పారు. కాలేజీ ఫుట్‌బాల్‌ను మాటల్లో రేడియోలో వినిపించడం అదే మొదలు. అప్పుడూ మైదానం నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా గొంతు తెగకుండా తీసుకెళ్లడమే అసలు పని. మా ఐయోవా యూనివర్సిటీ జట్టు ఆటలను 1932లో డావెన్‌పోర్ట్ స్టేషన్ డబ్ల్యూఓసీకి చెప్పినవారిలో రోనాల్డ్ రీగన్ ఒకరు. తర్వాత అధ్యక్షుడయ్యాక కూడా ఆ రోజుల గురించి ఇష్టంగా చెప్పేవారు.

తీరని సమస్య ఒకటి మిగిలింది. నవంబరులో బాస్కెట్‌బాల్ మొదలవుతుంది. ఆటలు రాత్రి 7 గంటలకు. అప్పటికి ఏఎం రాత్రి పవర్‌లోనే ఉంటుంది, ఆ రైతు పొలం దాకా రాదు, ఎఫ్‌ఎం అంతకన్నా రాదు. చలికాలంలో ఆయన కంబైన్‌లో ఉండరు కాబట్టి, వంటింట్లో కూర్చుని వినేలా ఇంటర్నెట్ రేడియో ఒకటి బిగించి వచ్చాను. స్టేషన్ నొక్కే మీట మీద ఆయన భార్య ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టారు. ఆయన పక్క పొలాల వాళ్లు నలుగురు ఉన్నారు, వాళ్ల ఇళ్లకు ఇంకా వెళ్లాలి.